ఎస్టేట్ కారు డిక్కీ: లీటర్లు చెప్పని సంగతి సీటు మడత చెబుతుంది

పుస్తకాల బీరువా ఒకటి కొన్నాను. విడి పలకలుగా అట్టపెట్టెలో వచ్చే రకం. పెట్టె పొడవు 202 సెంటీమీటర్లు, వెడల్పు 40, మందం 12. లెక్కేస్తే 97 లీటర్లు. నాది ఎస్టేట్ కారు, అంటే టాప్ వెనక దాకా సాగి డిక్కీ కూడా లోపలి గదిలోనే కలిసిపోయే రకం. దాని బ్రోచర్‌లో వెనక సీట్లు మడిస్తే 1,600 లీటర్ల చోటు వస్తుందని ఉంది. అందులో పదహారో వంతు కూడా లేని పెట్టె కదా అని ధీమాగా వెళ్లాను. సీట్లు మడిచి పెట్టెను లోపలికి తోస్తే ముందు కొస ముందు సీటు వీపుకు తగిలి ఆగిపోయింది. వెనక కొస నాలుగు వేళ్ల మేర బయటే ఉండిపోయింది. డిక్కీ తలుపు పడదు.

వంగి చూస్తే విషయం తెలిసింది. మడిచిన బ్యాక్‌రెస్ట్ పూర్తిగా వాలలేదు. దాని హెడ్‌రెస్ట్ ముందు సీటు వెనక భాగానికి ఆనుకుని నిలబడిపోయింది. దాంతో డిక్కీ నేల ముందుకు పోయేకొద్దీ పైకి లేస్తోంది. పెట్టె ఆ వాలు మీదికెక్కి, కింద బోలెడు ఖాళీ వదిలేసి, పైన ముందు సీటును గుద్దుకుంటోంది. హెడ్‌రెస్ట్‌లు పీకేసి, ముందు సీటును రెండు గాళ్లు ముందుకు జరిపాను. బ్యాక్‌రెస్ట్ టక్కుమని వాలింది. పెట్టె లోపలికి జారింది, తలుపు పడింది. లీటర్లు అప్పుడూ అవే, ఇప్పుడూ అవే. మారిందల్లా వాటి ఆకారం.

ఎస్టేట్ కార్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ లీటర్లతోనే మొదలుపెడతారు. ఆ లీటర్లకు ఆకారం ఇచ్చేది మాత్రం వెనక సీటు. అది ఎలా మడుస్తుంది, మడిచాక ఎక్కడికి పోతుంది, ఎంత ఎత్తులో ఆగుతుంది అన్నది చూడకుండా డిక్కీ పెద్దదా చిన్నదా అని తేల్చడం కుదరదు.

ముందు ఆ లీటర్ల సంగతే చూద్దాం. 200 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 50 మందం ఉన్న దిమ్మె ఒకటి ఉంటుంది. అది సరిగ్గా ఒక లీటరు. ఇలాంటి దిమ్మెలను డిక్కీలో ఇటుకల్లా పేర్చి, ఎన్ని పడితే అన్ని లీటర్లు అంటారు. ఇప్పుడు ఈ పేర్చడం ఎక్కువగా కంప్యూటర్లోనే జరిగిపోతుంది. జర్మనీ వాహన పరిశ్రమ సంఘం పేరు మీద దీన్ని వీడీఏ పద్ధతి అంటారు. ఐఎస్ఓ 3832 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ దిమ్మెనే వాడుతుంది. అమెరికాలో వాహన ఇంజనీర్ల సంఘం పేరు మీద చెల్లే ఎస్ఏఈ పద్ధతి వేరు. అక్కడి అంకెను, ఐరోపా అంకెను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

నీళ్లు పోసి కొలవడం కంటే ఈ దిమ్మెల పద్ధతి చాలా నయం. కానీ దిమ్మె చిన్నది. చక్రం కోసం లోపలికి ఉబ్బిన వీల్ ఆర్చ్ వెనకున్న సందులోకి దూరుతుంది, పక్కనున్న చిన్న గూటిలోకి దూరుతుంది, నేల కింది అరలోకీ దూరుతుంది. మన సూట్‌కేసు ఇందులో ఒక్కదానిలోకీ దూరదు. హోండా సివిక్ టూరర్‌కు చెప్పే 624 లీటర్లలో నేల కింది అర కూడా కలిసే ఉంది. అది అబద్ధం కాదు, ఆ అర చాలా పనికొచ్చే అర కూడా. అయినా 624 లీటర్లు అనగానే మన మనసులో మెదిలే ఒకే పెద్ద గదికి, ఆ కారులో ఉన్నదానికి తేడా ఉంటుంది.

ఇంకో కిటుకు చాలామంది కంట పడదు. స్కోడా సూపర్బ్ మూడో తరం ఎస్టేట్‌నే తీసుకోండి. సీట్లు నిలబడి ఉంటే 660 లీటర్లు, మడిస్తే 1,950. సీటు మడిస్తే చోటు మూడు రెట్లవుతుందని అనిపిస్తుంది. వెనక సీటు అంత చోటు దాచుకుని కూర్చుందా? లేదు. మొదటి అంకెను సామాను కప్పే పరదా దాకా, అంటే సుమారుగా కిటికీ అంచు దాకా కొలుస్తారు. రెండో అంకెను టాప్ దాకా కొలుస్తారు. సీటు మడిచినందుకు కలిసొచ్చినది కొంత, కొలిచే గీత పైకి జరిగినందుకు కలిసొచ్చినది కొంత. సీట్లు నిలబెట్టే టాప్ దాకా కొలిస్తే 660 స్థానంలో ఇంకా పెద్ద అంకె వచ్చేది. టాప్ దాకా నింపి ఎవరూ నడపకూడదు కాబట్టి ఆ అంకెను ముందు పెట్టరు, అది మంచిదే. కాకపోతే రెండు అంకెల మధ్య తేడా అంతా సీటు పుణ్యమే అనుకోకూడదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. వెనక సీటును మడిచి చదునైన నేల తయారు చేయడం ఎందుకంత కష్టం?

లెక్క కోసం ఒక కారును ఊహించుకుందాం. వెనక సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోటు నుంచి కుషన్ పైభాగం 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. బ్యాక్‌రెస్ట్ మందం 14. బ్యాక్‌రెస్ట్‌ను కుషన్ మీదికి వాల్చితే దాని వీపు 44 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. డిక్కీ నేల మాత్రం అదే చోటు నుంచి కొలిస్తే 30 దగ్గరే ఉంది. మధ్యలో 14 సెంటీమీటర్ల మెట్టు. సగటు కారులో వెనక సీటు మడిచినప్పుడు కనిపించే మెట్టు గానీ వాలు గానీ ఇక్కడ పుట్టిందే. కుషన్‌ను పలచగా చేస్తే మెట్టు తగ్గుతుంది. కానీ వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలకు ఆసరా ఉండదు, గంట ప్రయాణానికే నడుము పట్టేస్తుంది. వెనక సీటు సుఖంగా ఉండాలి, మడిస్తే మాయమైపోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే కోరికలు. ఏ డిజైనర్ అయినా ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు.

రాజీకి పాత దారి ఒకటుంది, నాకు మనసుకు దగ్గరైనది అదే. ముందు కుషన్‌ను వెనక అంచు పట్టుకుని ఎత్తి, ముందు సీట్ల వీపుకు ఆనేలా నిలబెట్టాలి. కుషన్ ఉన్న చోట ఇప్పుడు గుంట ఏర్పడుతుంది. బ్యాక్‌రెస్ట్ ఆ గుంటలోకి వాలుతుంది. 30 సెంటీమీటర్ల కుషన్ పక్కకు తప్పుకుంది కాబట్టి 14 సెంటీమీటర్ల బ్యాక్‌రెస్ట్‌ను డిక్కీ నేలతో సమానంగా ఆపడం కష్టం కాదు. వోల్వో 240 ఎస్టేట్‌లో ఇదే ఏర్పాటు. మడిచాక డిక్కీ గడప నుంచి ముందు సీట్ల దాకా నేల బల్లపరుపుగా ఉంటుంది, పరుపు వేసుకుని పడుకోవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. నిలబడిన కుషన్ సామానుకు, ముందు కూర్చున్నవాళ్లకు మధ్య చిన్న గోడలా నిలుస్తుంది.

మరి అంత మంచి పద్ధతి ఎందుకు వెనకబడింది? నిలబడిన కుషన్ పొడవులో ఒక జానెడు తినేస్తుంది. ముందు సీట్లను ఆ మేరకు జరపాలి, పొడగరి డ్రైవరుకు మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయి. పని కూడా రెండు దశల్లో చేయాలి, అందుకు వెనక తలుపులు రెండూ తెరవాలి. చేతిలో సామానుతో, వానలో నిలబడి, ఒక చేత్తో కుషన్ ఎత్తి ఇంకో చేత్తో బ్యాక్‌రెస్ట్ వాల్చి, మధ్యలో హెడ్‌రెస్ట్ పీకి ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. షోరూంలో డిక్కీ దగ్గర నిలబడి ఒక్క లీవర్ లాగితే సీటు వాలిపోయే కారు పక్కనే ఉంటే కొనేవాళ్ల మనసు అటే పోతుంది. నెలకు రెండుసార్లు మడిచేవాళ్లకు లీవరే సుఖం. ఏడాదికోసారి మడిచి నాలుగు రోజులు అలాగే ఉంచుకునేవాళ్లకు పాత పద్ధతి సుఖం. మార్కెట్ మొదటివాళ్ల మాట విన్నది.

రెండో దారిలో కుషన్‌కు, బ్యాక్‌రెస్ట్‌కు మధ్య కీళ్లు అమర్చి రెండూ కలిసి కదిలేలా చేస్తారు. బ్యాక్‌రెస్ట్ వాలుతుంటే అదే ఊపులో కుషన్ ముందుకు జరిగి కిందికి దిగుతుంది. మాజ్దా 6 ఎస్టేట్‌లో దీన్ని కరకూరి అన్నారు. జపాన్‌లో పాతకాలపు మరబొమ్మల పేరు అది. ఒక్క లీవర్‌తో సీటు తనంతట తానే సర్దుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వాడ్డానికీ బాగుంటుంది. కాకపోతే కుషన్ దిగడానికి కింద చోటుండాలి. సాధారణంగా వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ట్యాంకు వద్దనుకోలేం, కాబట్టి కుషన్ దిగేది కొన్ని సెంటీమీటర్లే. మెట్టు పూర్తిగా పోదు, చిన్నదై వాలుగా మిగులుతుంది.

ఆ ట్యాంకునే జరిపేసింది హోండా. 2001లో వచ్చిన జాజ్‌లో ట్యాంకును ముందు సీట్ల కిందికి తెచ్చింది. వెనక సీటు కింద చోటు ఖాళీ అయింది. కుషన్ కిందికి దిగి బ్యాక్‌రెస్ట్ దాదాపు చదునుగా వాలుతుంది. అంతేకాదు, బ్యాక్‌రెస్ట్‌ను అలాగే ఉంచి సినిమా హాలు కుర్చీలా కుషన్‌ను పైకి లేపితే కింది నుంచి టాప్ దాకా నిలువు చోటు దొరుకుతుంది. పూలకుండీలో మొక్కను నిలబెట్టే తీసుకెళ్లవచ్చు. తర్వాత సివిక్ టూరర్ ఎస్టేట్‌కు కూడా ఇదే అమరిక ఇచ్చారు. సీటు మడత అన్నది సీటు తయారుచేసేవాళ్ల పని మాత్రమే కాదని, కారు అడుగుభాగం గీసిన రోజే సగం తేలిపోతుందని చెప్పడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఎస్టేట్ కాకపోయినా 1965లో వచ్చిన రెనో 16ను ఇక్కడ తలచుకోవాలి. దాని వెనక బ్యాక్‌రెస్ట్‌ను పైకెత్తి టాప్‌కు వేలాడదీయవచ్చు. సీటును కిందే దాచాలని ఎవరన్నారని ఆ డిజైనర్లు అడిగినట్టుంటుంది.

మూడో దారి ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. సీటును కిందికి దించలేకపోతే డిక్కీ నేలను పైకి లేపడం. రెండు ఎత్తుల్లో అమర్చుకునే పలక ఒకటి ఇస్తారు. పై గాడిలో పెడితే మడిచిన సీటుతో సమానం. సామాను గడప మీదుగా ఎత్తకుండా జరిపేయవచ్చు, పలక కింద దాపుడు అర కూడా దొరుకుతుంది. బాగానే ఉంది. కానీ మన ఊహా కారులో ఆ 14 సెంటీమీటర్లు లేపామనుకోండి. నేల మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉంటే పైన పోయింది 140 లీటర్లు. అది ఎక్కడికీ పోలేదు, పలక కిందే ఉంది. కానీ పెద్ద పెట్టెకు అందకుండా పోయింది. నిటారుగా నిలబెట్టాల్సిన వాషింగ్ మెషీన్ లాంటి వాటికి ఆ 14 సెంటీమీటర్లే అడ్డం పడతాయి. అందుకే పలక తీసేయడానికి వీలుందా, తీస్తే దాన్ని పెట్టుకోవడానికి చోటుందా అని చూసుకోవాలి.

బ్యాటరీలు వచ్చాక ఈ లెక్క ఇంకా బిగుసుకుంది. అదే మూడో తరం సూపర్బ్ ఎస్టేట్‌కు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ రకంలో, అంటే ఇంజనుతో పాటు ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న రకంలో, 660 లీటర్లు కాస్తా 510 అయ్యాయి. బయటి రేకు ఒక్క మిల్లీమీటరు మారలేదు. నేల కింద చేరిన సామగ్రి పైనున్న చోటును తినేసింది. ఒకే మోడల్‌లో పెట్రోలు రకం చూసి ముచ్చటపడి హైబ్రిడ్ రకం బుక్ చేసేవాళ్లు ఆ డిక్కీని కూడా తెరిచి చూడాలి.

సీటును ఎన్ని ముక్కలుగా చీల్చారన్నది వేరే ముచ్చట. 60:40 చీలిక మామూలు. 40 వైపు మడిస్తే వెనక ఇద్దరు కూర్చోవచ్చు, 60 వైపు మడిస్తే ఒక్కరే. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలుండి, రెండు కిటికీల దగ్గరా చైల్డ్ సీట్లు బిగించి ఉంటే మాత్రం 60:40 ఎందుకూ కొరగాదు. ఏ వైపు మడవాలన్నా ఒక చైల్డ్ సీటు విప్పాల్సిందే. 40:20:40 ఉంటే మధ్య ముక్క ఒక్కటే వాల్చి, పిల్లలిద్దరి మధ్య నుంచి పొడవాటి కర్రనో కార్పెట్ చుట్టనో పోనివ్వవచ్చు. మూడు ముక్కలంటే మూడు గొళ్లాలు, ఎక్కువ కీళ్లు, మధ్య ముక్క సన్నగా గట్టిగా ఉండటం, కొంచెం ఎక్కువ బరువు. పిల్లలున్న ఇంటికి ఆ మాత్రం ఇబ్బంది పడినా లాభమే.

60:40లోనే ఇంకో చిన్న మెలిక. మరీ పొడవైన వస్తువుకు ముందు ప్యాసింజర్ సీటును కూడా వాల్చాలి. అది వాలే కార్లలో కొన్నింటికి దాదాపు 3 మీటర్ల పొడవు దొరుకుతుంది. అప్పుడు ప్యాసింజర్ వెనకున్నది 40 ముక్క అయితే మిగతా ఇద్దరూ వెనక కూర్చోగలరు, 60 ముక్క అయితే ఒకరు దిగిపోవాలి. కొన్ని మోడళ్లలో స్టీరింగ్ కుడికి మారినా సీటు చీలికను మాత్రం తిప్పరు. కాబట్టి ఏ ముక్క ఏ వైపుందో చూడండి.

వెడల్పు దగ్గర సీటు చేయగలిగింది తక్కువ. రెండు వీల్ ఆర్చ్‌ల మధ్య మీటరు దాటితే మంచి డిక్కీ. చక్రాల దగ్గరి స్ప్రింగులు, కుదుపులు అణిచే డాంపర్లు నిలువుగా ఉంటే గోడల్లోంచి బుడిపెల్లా పొడుచుకొస్తాయి. పెజో 205 లాంటి కార్లలో డాంపర్లను దాదాపు పడుకోబెట్టడం వల్ల ఆ బుడిపెల బెడద తగ్గింది. డిక్కీ తలుపు వాలు సంగతి కూడా అంతే. వెనక అద్దం ఎంత వాలితే కారు అంత చురుగ్గా కనిపిస్తుంది, ఎత్తైన పెట్టె అంతగా పట్టకుండా పోతుంది.

ఇక భద్రత. సీటు మడిచేటప్పుడు అందరూ మరిచిపోయేది ఇదే. నిలబడి ఉన్న వెనక బ్యాక్‌రెస్ట్ డిక్కీకి గోడ. ఆ గోడకు పరీక్ష కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 17వది సీట్ల బలానికి సంబంధించినది. అందులో 30 సెంటీమీటర్ల ఘనాకారపు దిమ్మెలు రెండింటిని, ఒక్కోటి 18 కిలోలవి, డిక్కీలో పెట్టి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టినట్టు పరీక్షిస్తారు. బ్యాక్‌రెస్ట్, దాని గొళ్లాలు తట్టుకుని నిలవాలి. అంత గట్టి గుద్దుడులో వస్తువు మీద పడే బలం దాని బరువుకు 20 రెట్లు దాటుతుంది. 20 కిలోల పెట్టె ఆ క్షణంలో 400 కిలోల బరువుతో తోసినట్టు తోస్తుంది.

సీటు మడవగానే ఆ గోడ పోతుంది. డిక్కీలోని ప్రతి వస్తువుకూ మన వీపుకూ మధ్య మిగిలేది ముందు సీటు ఒక్కటే. చాలా ఎస్టేట్ కార్లలో వల కట్టుకోవడానికి టాప్ దగ్గర రెండు జతల కొక్కేలుంటాయి. ఒక జత వెనక సీటు వెనక, రెండోది ముందు సీట్ల వెనక. ఆ రెండో జత ఉందని తెలియనివాళ్లే ఎక్కువ. సీట్లు మడిచినప్పుడు వలను అక్కడికి మార్చాలి. బరువైనవి కిందుగా, ముందు సీటుకు ఆనేలా పెట్టి, నేలలోని రింగులకు బెల్టు వేసి బిగించాలి. మడిచిన నేల వాలుగా ఉంటే ఇది ఇంకా ముఖ్యం. 60 సెంటీమీటర్ల బ్యాక్‌రెస్ట్ 10 సెంటీమీటర్లు లేచి ఉందంటే వాలు 9 డిగ్రీల పైనే. దారి పొడవునా కుదుపులకు సామాను వెనక్కి జారుతుంది. దిగి డిక్కీ తలుపు ఎత్తితే కాళ్ల మీద పడుతుంది.

బరువు గురించి ఒక్క మాట. పుస్తకాలు లీటరుకు సుమారు 0.7 కిలోలు తూగుతాయి. 600 లీటర్ల డిక్కీని పుస్తకాలతో నింపితే 420 కిలోలు. నలుగురు మనుషులు ఎక్కితే చాలా ఎస్టేట్ కార్ల మోత పరిమితి దాటిపోతుంది. చోటు ఉంది కదా అని నింపే ముందు డోర్ దగ్గరి ప్లేటు మీద గరిష్ఠ బరువు ఎంత రాశారో చూడాలి.

కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లండి. ముందు సీటును మీరు నడిపే చోట పెట్టి, ఆ తర్వాతే వెనక సీటు మడవండి. అమ్మేవాళ్లు దాన్ని ముందుకు జరిపి చూపిస్తే పొడవు ఎక్కువొస్తుంది. హెడ్‌రెస్ట్ ఎక్కడ తగులుతోందో చూడండి. మడిచిన సీటు పైన కాకుండా, గట్టి పలక ఒకటి పెట్టి దాని మీద పొడవు కొలవండి. మీ పెట్టె పడుకునేది ఆ పలక ఉన్న గీత మీదే. డిక్కీ నేలకు, మడిచిన సీటుకు మధ్య సందు మీద మూత ఉందో లేదో చూడండి. నా బీరువా మరలు రెండు ఆ సందులోకే జారాయి. పెన్‌తో, అయస్కాంతంతో అరగంట తిప్పలు పడ్డాక ఒకటే దొరికింది.

ఆ తర్వాత సీటును తిరిగి నిలబెట్టి చూడండి. మడవడం చూపించేవాళ్లు నిలబెట్టడం చూపించరు. నిలబెట్టేటప్పుడే సీటు బెల్టు బ్యాక్‌రెస్ట్‌కు, పక్క గోడకు మధ్య ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే గొళ్లెం సగమే పడుతుంది. పైకి మాత్రం సీటు నిటారుగా, మామూలుగానే కనిపిస్తుంది. పైన చెప్పిన 18 కిలోల దిమ్మెల పరీక్షంతా గొళ్లెం పూర్తిగా పడిందన్న లెక్క మీదే నిలబడి ఉంది. చాలా కార్లలో బ్యాక్‌రెస్ట్ పైఅంచున, విడుదల మీట పక్కన చిన్న ఎర్ర గుర్తు ఉంటుంది. అది కనిపిస్తోందంటే గొళ్లెం పడలేదన్నమాట. బెల్టును పక్కకు తప్పించి మళ్లీ తోయండి. ఎరుపు లోపలికి పోయాక పైఅంచు పట్టుకుని ఒకసారి గట్టిగా ముందుకు లాగండి.